మూటల ఆటలో తలుపు

సాయంత్రం ఆరూ ఇరవైకి వినోద్‌కుమార్ వేలూరు బస్సు దిగి, జేబులో షాపు తాళాలు ఉన్నాయో లేదో తడిమి చూసుకొని, పొన్నమ్మ టీ కొట్టు వైపు నడిచాడు. గుడియాత్తంలో దిగాక ఇంటికి పోయే ముందు అక్కడ ఒక టీ తాగడం అతని అలవాటు. ఆ రోజు వేలూరులో అతని షాపుకి వచ్చినవాళ్ళలో ఇద్దరు ఫోన్ కవర్లు అడిగారు, ఒకాయన చిల్లర అడిగాడు. ఆటలు ఎవరూ అడగలేదు.

అతనిది వీడియో గేముల షాపు. ఆ వ్యాపారానికి ఇది మంచి ఏడాదే అని వార్తల్లో రాస్తూనే ఉన్నారు. కొత్త మెషిన్ వచ్చింది. పాత ఆటలకు కొత్త రంగులు వేసి మళ్ళీ అమ్మారు. లోకమంతా ఎదురుచూసిన పెద్ద ఆట ఒకటి వాయిదా పడింది, దానికి ఎదురు పడటం ఇష్టంలేక తేదీలు మార్చుకున్న చిన్న కంపెనీలు మళ్ళీ మార్చుకున్నాయి. మెషిన్ల ధర రెండుసార్లు పెరిగింది. ఆటలు చేసే చోట్ల వేలమందిని పనిలోంచి తీసేశారు. కొనేవాళ్ళు మాత్రం తగ్గలేదు. షాపుకి వచ్చి కొనేవాళ్ళే తగ్గారు. ఇంట్లో కూర్చుని బటన్ నొక్కితే ఆట దానంతటదే దిగుతుంది. వినోద్‌కుమార్ షాపు గోడ మీద డిస్కు పెట్టెల అట్టలు ఎండకు వెలిసిపోతున్నాయి.

కొట్టు ముందు బెంచీ మీద ఆదిమూలం అప్పటికే కూర్చుని ఉన్నాడు. వెనక వీధిలో గుంటమగ్గం మీద లుంగీలు నేసే మనిషి, అరవై దాటాయి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చునే పనిలో నోటికి పని ఉండదు కాబట్టి, పగలంతా మిగిలిపోయిన మాటల్ని సాయంత్రం పొన్నమ్మ కొట్టు ముందు తెచ్చి పోస్తాడని నూలు వ్యాపారి రంగరాజులు అంటాడు. రంగరాజులూ ఆ వయసువాడే. బెంచీకి రెండో చివర ఆయనది. ఒకప్పుడు ఆదిమూలం కోతలు కౌండిన్య నది వరద గురించి, తను ఒక్క రాత్రిలో నేసిన లుంగీల గురించి ఉండేవి. మూడేళ్ళుగా గేముల గురించి ఉంటున్నాయి.

దానికి కారణం ఆయన భార్య రుక్మిణమ్మ. మూడేళ్ళ కింద కంటి పరీక్షకని వేలూరు ఆస్పత్రికి పోయిన మనిషి, ఎండకు తాళలేక వినోద్‌కుమార్ షాపులోకి వచ్చి ఫ్యాన్ కింద కూర్చుంది. ఇద్దరు కాలేజీ పిల్లలు ఆడుతుంటే కాసేపు చూసి, "అది ఇట్ల ఇయ్యి నాయనా" అని కంట్రోలర్ అందుకుంది. ఏళ్ళ తరబడి కండెలకు నూలు చుట్టిన వేళ్ళు. ఆ పూట కాలేజీ పిల్లలకు మళ్ళీ వంతు రాలేదు. తరవాతి నెల భర్తను వెంటబెట్టుకొచ్చి పాత మెషిన్ ఒకటి, కంట్రోలర్లు రెండు కొనుక్కుపోయింది.

పిల్లలు లేని ఇల్లు. మగ్గం దిగాక ఇద్దరూ టీవీ ముందు కూర్చునేవాళ్ళు. ఒకే చాప మీద పక్కపక్కన కూర్చుని ఆడే ఆటలు ఇప్పుడు అరుదు. ఎవరింట్లో వాళ్ళుండి, ముఖం తెలియనివాళ్ళతో ఆడేవే ఎక్కువ. వినోద్‌కుమార్ వెతికి వాళ్ళకోసం ఒకటి తెప్పించాడు. ఒక ఆడకూలీ, ఒక మగకూలీ, ఒకే పెద్ద మూటను చెరోవైపు పట్టుకొని కొండలు దాటించాలి. ఇంగ్లీషు పేరు నోరు తిరగక రుక్మిణమ్మ దానికి మూటల ఆట అని పేరు పెట్టింది. తెర నిలువునా రెండు సగాలుగా ఉంటుంది. ఎడమ సగం ఆమెది, కుడి సగం ఆయనది.

నెలన్నర కింద ఆమె ఎడమ కంట్లో లోపలి పొర ఊడింది. కుడి కన్ను ఏనాడో మసకబారింది, ఎడమదే ఆధారం. వేలూరులో ఆపరేషన్ చేసి, కంట్లో గాలి బుడగ పెట్టి, రెండు వారాలు తల వంచుకొనే ఉండాలన్నారు. ఆస్పత్రికి దగ్గరని లత్తేరిలో చెల్లెలి ఇంట్లో ఉంది. అది ఒక్క గది ఇల్లు, మరదలి అత్తమామలు కూడా అందులోనే. ఆదిమూలం అక్కడ ఉండే వీలు లేదు. పరీక్ష రోజున పోయి, ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళి, తిరిగి లత్తేరిలో దిగబెట్టి, రైలెక్కి ఒక్కడే వస్తాడు. ఈ రోజు పరీక్ష రోజు. ఆపరేషన్ నిలిచిందా లేదా ఈ రోజు చెప్తామన్నారు. ఆ సంగతి కొట్టు దగ్గర అందరికీ తెలుసు.

వినోద్‌కుమార్ కూర్చుంటూ ఆదిమూలం చొక్కా చూశాడు. కుట్లు బయటికి కనబడుతున్నాయి. తిరగేసి తొడుక్కున్నాడు. చెప్పాలనుకొని, టీ గ్లాసు చేతికి రావడంతో ఊరుకున్నాడు.

పొన్నమ్మ ఆదిమూలానికి గ్లాసు అందిస్తూ అడిగింది. "డాక్టరు ఏమన్నాడన్నా?"

ఆదిమూలం టీ మీద మీగడను ఊది పక్కకు తోశాడు. "డాక్టరు సంగతి ఉండనీ పొన్నమ్మా. రాత్రి నేను ఆ తలుపు తెరిచినా."

"ఏ తలుపు?" అన్నాడు రంగరాజులు.

"మూటల ఆటలో తలుపప్పా. వినోదుని అడుగు, చెప్తాడు."

వినోద్‌కుమార్‌కు ఆ తలుపు తెలుసు. ఆట నడిమధ్య ఒక రాతికోట వస్తుంది. దాని తలుపుకి రెండు పక్కలా రెండు ఇనప కడ్డీలు. ఇద్దరు కూలీలూ మూట దించి, చెరో కడ్డీ దగ్గరికీ పోయి, ఒకేసారి లాగాలి. ఒక్క లిప్త తేడా వచ్చినా తలుపు లేవదు. అక్కడ పోట్లాడుకొని ఆట వెనక్కిచ్చేసిన అన్నదమ్ములు ఉన్నారు.

"ఈ కడ్డీకీ ఆ కడ్డీకీ మధ్య మన వీధి పొడుగు ఉండాది," అన్నాడు ఆదిమూలం. "ఆమె చూస్తే లత్తేరిలో, నేనేమో ఒంటిగాణ్ణి, ఇంగ ఎవడైనా అయితే మెషిను ఆపేసి పడుకుంటాడు, నేను అట్ల చేసే మనిషినా, ఆమె రిమోటు తీసుకపోయి మగ్గం గుంటలో పెట్టినా, పెట్టి గట్టు మీద కూర్చున్నా, నా రిమోటు చేతిలో, ఆమెది కాలికింద. నలభై ఏండ్లు మగ్గం తొక్కిన కాళ్ళప్పా ఇవి. చేతులకి తెలీని సంగతులు వీటికి తెలుసు. కాలి బొటనవేలు ఆమె కడ్డీ మీద, చేతి బొటనవేలు నా కడ్డీ మీద. ఊపిరి బిగపట్టి లాగినా చూడు, గడగడమని లేసింది తలుపు."

కంట్రోలర్ని ఆయన రిమోటు అనే అంటాడు. కాలికింద రెండో రిమోటు అనగానే వినోద్‌కుమార్ గ్లాసు నోటి దగ్గర ఆగింది. ఏదో అనబోయి, తాగేశాడు.

"అంతేనా?" అన్నాడు రంగరాజులు. "కాలితో టీవీ ఆడినావు. మా ఇంట్లో చంటిది మూతితో ఆడతాది."

"అంతేనా అంటావా? ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్పకుండా యాడికి పోతావు."

"తెల్లారి పాలవాడికంటే ముందు ఫోను. జపాను నించి."

"ఏ బాసలో మాట్లాడినాడు?"

"ముందు తమిళం ఎత్తుకున్నాడు. 'ఎన్నప్పా ఇది' అన్నాడు. నా గొంతు విని తెలుగోడని కనిపెట్టి ఇంగ తెలుగులోకి దిగినాడు, అదీ మన గుడియాత్తం తెలుగు. 'ఆదిమూలం అన్నా, ఏం పని చేసినావన్నా' అని ఏడుపు. వాళ్ళ ఆఫీసులో ఒక్కో తలుపుకి ఒక్కో గంట కట్టుంటాదంట. లోకంలో యాడ ఎవరు ఏ తలుపు తెరిచినా ఆ గంట మోగతాది. ఇద్దరు తెరిస్తే రెండు తూర్లు మోగాల. ఇది ఒక తూరి మోగి నిలిచిపోయింది. ఆఫీసంతా లేచి నిలబడింది, పెద్ద దొర బువ్వ తినేవాడు చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చినాడు. ఎందుకంటే ఇద్దరి తలుపు ఒక్కడు తెరిచేస్తే ఇంగ రెండో రిమోటు ఎవడు కొంటాడు? వాళ్ళ షేరు దబీమని కిందపడింది. ఆ నష్టం పూడ్చుకోను మెషిను రేటు పెంచినారు. వినోదూ, పెరిగిందా లేదా నువ్వే చెప్పు."

"పెరిగింది మామా."

"రెండు తూర్లు."

"రెండు తూర్లే."

"మొదటిది నేను తలుపు తెరిచినందుకు. రెండోది నేను మళ్ళీ మూయనందుకు."

రంగరాజులు తొడ మీద చరుచుకున్నాడు. "ఉండప్పా. నువ్వు తెరిచింది నిన్న రాత్రి. మెషిను రేటు పెరిగి నెలలయిందని ఈ వినోదే ఏడస్తా ఉన్నాడు కదా."

ఆదిమూలం తొణకలేదు. "జపానులో మనకంటే ముందు తెల్లారతాదా లేదా?"

"తెల్లారతాది."

"వాళ్ళు అన్నిట్లోనూ ముందే ఉంటారు."

పక్కన నిలబడి వడ తింటున్న ఆటో మనిషికి పొలమారింది. పొన్నమ్మ అతనికి నీళ్ళ చెంబు ఇచ్చి, నవ్వు ఆపుకొని, మళ్ళీ అదే అడిగింది. "అక్కకి ఎట్ల ఉండాదన్నా? కట్టు తీసినారా?"

"తీసినారు, తీసినారు. ముందు వాళ్ళొచ్చిన కథ విను."

"ఎవురు?"

"జపానువాళ్ళు. ఫోనుతో తేలే పని కాదని నలుగురు కారేసుకొని వచ్చేసినారు. బెంగుళూరు రోడ్డున వచ్చి పళ్ళికొండలో దిగి పరోటా తిన్నారు. కారం తాళలేక ఒకాయన ఆడనే నిలిచిపోయినాడు, ముగ్గురే ఇంటికి వచ్చినారు. వచ్చినోళ్ళు మెషిను చూస్తారు అనుకున్నా. మెషిను దిక్కే చూడలా. మగ్గం చూసినారు. బట్ట కోసి ఉండాను కదా, పోగులు దూర్చే అచ్చులో పాత పోగులు జానెడు మిగిలి వేలాడతా ఉండాయి. 'ఇదేంది, కోయకుండా విడిచిపెట్టినావు' అన్నారు. అప్పుడు చెప్పినా. నాయనా, మేము మగ్గాన్ని ఏనాడూ బోడిగా విడిచిపెట్టము. పాత పడుగు జానెడు ఉంచుకుంటాము, కొత్త పడుగు వచ్చినాక ఒక్కో కొత్త పోగుని ఒక్కో పాత పోగుకి ముడేసి లాగుతాము. మొదటి నించి అచ్చులోకి పోగులు ఎక్కించాలంటే ఇద్దరు కావాల, అవతల ఒకరు అందించాల, ఇవతల ఒకరు అందుకోవాల. పాతదానికి ముడేస్తే ఒక్కడితో అయిపోతాది. ఆ మాట వినేసరికి ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెంటనే ఫోను తీసి వాళ్ళ దేశానికి చెప్పినారు, కొత్త ఆటలు నిలిపేయండి, పాత ఆటలకే ముడేసి లాగండి అని. ఈ ఏడాది పాత ఆటలన్నీ మళ్ళీ వచ్చినాయా లేదా వినోదూ?"

"వచ్చినాయి మామా."

"అంటే దానికీ నువ్వే కారణం," అన్నాడు రంగరాజులు.

"నేను కాదు. నా మగ్గం. లేనిది చెప్పుకోను నేను."

వినోద్‌కుమార్‌కు నవ్వు రాలేదు. ఈయన నోట్లో పడుతున్నవన్నీ అతను ఏడాదంతా రాత్రి భోజనం దగ్గర ఫోన్లో చదువుకున్న వార్తలే. ధరలు పెరిగిన వారం అతని దగ్గర మెషిన్ చెప్పిపెట్టుకున్నవాళ్ళు ముగ్గురు వద్దనుకున్నారు. పెద్ద ఆట వస్తుందని గోడమీద అతికించిన బొమ్మ మీద తేదీ ఒకసారి కొట్టేసి రాశాడు, మళ్ళీ కొట్టేసి ఇంక రాయలేదు. షాపులో మాట్లాడటానికి మనిషి లేక అతను పగటిపూట ఫ్యాను చప్పుడు వింటూ కూర్చుంటాడు. ఆ ఏడాది ఇక్కడ బెంచీ మీద కథగా మారిపోతోంది.

"ఇంగ ఆ పెద్ద ఆట," అని ఆదిమూలం మోకాలు మీద గ్లాసు పెట్టుకున్నాడు. "దాని గురించి నేను చెప్పకూడదు. ఒట్టేయించుకున్నారు."

"అయితే చెప్పొద్దులే," అన్నాడు రంగరాజులు.

"మీరు అడగతా ఉండారు కాబట్టి చెప్తా. లోకంలో ఎవరూ చూడలా దాన్ని. ఇనప పెట్టెలో పెట్టుకొచ్చినారు, నాకు చూపించడానికి. పెట్టినారు టీవీలో. అబ్బా, ఏం ఊరు, ఏం కార్లు, వాన పడితే రోడ్డు మీద మన ముఖం కనిపిస్తాది. అంతా చూసి నేనేమీ అనలా. 'ఎట్ల ఉండాదన్నా' అన్నారు. నేను అన్నా, అదో ఆ మూల టీ కొట్టు దగ్గర ఒకాయన నిలబడి ఉండాడే, ఆయన లుంగీ చూడండి. గళ్ళ లుంగీ. అతుకు దగ్గర గడి గడికి కలవలా. అడ్డం పోగు ఒకటి ఎక్కువుండాది. ఇట్లాంటి బట్ట మా వీధిలో చంటిబిడ్డకి కూడా కట్టము అన్నా. పెద్ద దొర ముఖం పాలిపోయింది. ఆ పూటే వాయిదా. ఒక లుంగీ కోసం ఏడాది వాయిదా. ఇది వాయిదా పడేసరికి మిగతా కంపెనీలన్నీ కాట్పాడి గేటు దగ్గర బస్సులు నిలిచినట్ల నిలిచిపోయినాయి, రైలు వస్తాదా రాదా తెలీదు, ముందుకు పోనూ లేవు, వెనక్కి తిప్పనూ లేవు."

"పాపం, వాళ్ళ పొట్ట కొట్టినావు కదన్నా," అంది పొన్నమ్మ.

"కొట్టినానా? విడిచిపెట్టినానా అట్ల? వేలమందికి పని పోయింది, చదివినావా వినోదూ? చదివినావు. యాడికి పోయినారు వాళ్ళంతా? నేనే పిలిపించినా. గుడియాత్తం రాండి నాయనా, ఖాళీ గుంటలు శానా ఉండాయి మా వీధిలో అన్నా. గుంటకి ఒకడు. పొద్దున్నే వీధిలో పడుగు సాచేటప్పుడు వచ్చి చూడండి. ముందు ఆ చివరికీ ఈ చివరికీ పట్టుకోను మనుషులు దొరక్క నేను, ఆమె ఇద్దరమే అటూ ఇటూ పరిగెత్తే వాళ్ళము. ఇప్పుడు వరసగా నిలబడి ఉండారు, అమెరికావాడు, కొరియావాడు, చైనావాడు. గంజి బ్రష్షు పట్టుకోవడం కూడా నేర్చుకున్నారు. వీధి నిండా మనుషులు. సద్దు, సందడి. ఇంట్లోకి పోవాలంటే తొక్కిసలాట."

"నేను పొద్దున్నే ఆ వీధిలోనే వచ్చినా," అన్నాడు ఆటో మనిషి. "కుక్క ఒకటి పడుకోనుండె."

"కొరియావాడి కుక్క."

ఈసారి అందరూ నవ్వారు. రంగరాజులు కళ్ళు తుడుచుకున్నాడు. వినోద్‌కుమార్ కూడా చిన్నగా నవ్వాడు. ఆ వీధి అతనికి తెలుసు. మగ్గాలున్న ఇళ్ళలో సగం తాళాలు వేసి ఉంటాయి.

నవ్వులు తగ్గాక ఆదిమూలం గ్లాసు అడుగు చూస్తూ కూర్చున్నాడు. అది ఆయన పద్ధతి కాదు. కథ ఎంత ఎత్తుకి పోతే ఆయన అంత తొందరగా తరువాతి మెట్టు ఎక్కేస్తాడు. గ్లాసులో అడుగున మిగిలింది తిప్పి తాగి, కొంచెం నెమ్మదిగా అందుకున్నాడు.

"తలుపు అవతల ఏముండాదో అడగలేదు మీరు."

"ఏముండాది?"

"అది ఎవరికీ తెలీదు. తలుపు దాకా వచ్చినవాళ్ళుండారు కానీ లోపలికి పోయినవాళ్ళు లేరు. నేను పోయినా."

"ఆ కూలీ బొమ్మ పోయిందా, నువ్వు పోయినావా?"

"నేనే. గట్టు మీద నించి లేచి టీవీ దాకా నడిచి, కాలెత్తి లోపల పెట్టినా. టీవీ అద్దం చల్లగా ఉండె. చెప్పులు విడిచేసి పోయినా. అవతల మెట్లుంటాయి, కొండలుంటాయి అనుకున్నా. ఏమీ లేవు. లత్తేరి టేషను ఉండాది. ప్లాట్‌ఫారం మీద మనిషి పురుగు లేరు. రైలు వచ్చే పొద్దు కాదు. సిమెంటు బెంచీ మీద ఆమె కూర్చోనుండాది."



"తల పైకెత్తుకొని కూర్చోనుండాది. వంచుకొని కాదు. ప్లాట్‌ఫారం ఆ చివర నేను, ఈ చివర ఆమె. అంత దూరం నించి చూసి గుర్తుపట్టేసింది. చూసిన వెంటనే ఏమన్నాదో తెలుసా? 'ఏమయ్యా, చొక్కా తిరగేసి తొడుక్కొని వచ్చినావు' అనింది."

పొన్నమ్మ ఆయన చొక్కా వైపు చూసింది. రంగరాజులు చూశాడు. ఆటో మనిషి చూసి, ముందు అర్థం కాక, తరవాత గట్టిగా నవ్వాడు. "నిజమే కదప్పా, తిరగేసే ఉండాది."

ఆ నవ్వుతో కొట్టు మళ్ళీ తేలికపడింది. రంగరాజులు బెంచీ మీద ముందుకి జరిగి, వినోద్‌కుమార్ భుజం మీద తట్టాడు. "నువ్వు చెప్పప్పా. గేముల షాపువాడివి. దీంట్లో ఆవగింజంతైనా నిజముండాదా?"

రోజంతా ఎవరూ ఏమీ అడగని మనిషి వినోద్‌కుమార్. అడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పాలనే అనుకున్నాడు.

"ఆ తలుపు ఒక్కరికి తెరుచుకోదు," అన్నాడు. "ఇంగ మామ కాలికింద పెట్టినా అంటా ఉండాడే రెండో రిమోటు, అది నా షాపు సొరుగులో ఉండాది. ఎడమ బొటనవేలితో తిప్పే పుల్ల వదులయిందని, ఆపరేషనుకు పోతా పోతా అత్తే ఇచ్చి పోయింది. మామ ఇంట్లో ఉండేది ఒకటే."

రంగరాజులు మొదట నవ్వాడు. ఆటో మనిషి కూడా నవ్వి, డబ్బు పెట్టి, బండి దగ్గరికి పోయాడు. ఆదిమూలం నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. ఎవరో తను మరిచిపోయిన వస్తువు గుర్తుచేసినట్లు తలూపాడు.

"ఆమా," అన్నాడు. "నీ దగ్గరే కదా ఉండాది. బాగు చేసినావా?"

"పార్టు రాలేదు మామా. చెప్పిపెట్టినా."

"తొందరేం లేదులే నాయనా."

పొన్నమ్మ పొయ్యి మంట తగ్గించింది. మూడోసారి అడగడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది. "డాక్టరు ఏమన్నాడన్నా?"

"పొర మళ్ళీ ఊడిందంట." ఆదిమూలం గ్లాసును బెంచీ మీద జాగ్రత్తగా పెట్టాడు. "ఇంకో తూరి చేస్తారంట. మళ్ళీ బోర్లా పడుకోవాల. చూపు వస్తాదా సామీ అని అడిగినా. చూద్దాం అన్నాడు."

"వస్తాదిలే అన్నా."

"పొద్దున నించీ ఆమె ఎదురుగానే కూర్చోనుండా. ఆస్పత్రి బెంచీ మీద మోకాలికి మోకాలు ఆనుకొని. నా చొక్కా సంగతి అనలా." ఆయన కుట్లు పైకున్న చొక్కా చేతిని ఒకసారి చూసుకున్నాడు. "ముందైతే వీధి చివర నించే అరిచేది. రైల్లో నేనే చూసుకున్నా. సరి, ఇంటికి పొయ్యి మార్చుకుందాం అనుకున్నా, ఆడ మాత్రం ఎవరుండారు చూసేదానికి."

లేచి, లుంగీ దులుపుకొని, రంగరాజులుతో "రేపు చెప్తా మిగతాది" అన్నాడు. రంగరాజులు "చెప్పు, చెప్పు" అన్నాడు, నేలవైపు చూస్తూ. ఆదిమూలం వెనక వీధిలోకి మలుపు తిరిగాడు. తరవాత పొన్నమ్మ వినోద్‌కుమార్ గ్లాసు తీసుకుంటూ, "నువ్వు అన్నది నిజమే నాయనా" అంది. అది మెప్పులా వినిపించలేదు.

మరునాడు ఆదిమూలం కొట్టు దగ్గరికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. రెండో ఆపరేషన్ పనిమీద లత్తేరికి పోయి వస్తున్నాడని రంగరాజులు చెప్పాడు. బెంచీ మీద ఆయన చోటు ఖాళీగానే ఉంచి కూర్చున్నాడు.

ఆదివారం పార్టు వచ్చింది. షాపుకి సెలవే అయినా వినోద్‌కుమార్ వేలూరు పోయి, షట్టరు సగం ఎత్తి, రుక్మిణమ్మ కంట్రోలర్ విప్పి కొత్త పుల్ల బిగించాడు. సరిగ్గా తిరుగుతుందో లేదో చూడటానికి షాపు మెషిన్లో మూటల ఆటే పెట్టాడు. చాలా నెలలుగా అతను దాన్ని తెరవలేదు. ముందు నెట్టులోంచి ఆటకు ఏదో కొత్త మార్పు దిగింది. తరవాత, ఒకే కంట్రోలర్ ఉన్నట్టు ఆట గుర్తించింది కాబోలు, తెర మీద అతను ఎప్పుడూ చూడని బొమ్మ ఒకటి వచ్చింది. ఆడకూలీ తనంతట తనే నడుస్తోంది, మెషినే ఆమెను నడిపిస్తున్నట్టు తల మీద చిన్న పళ్ళచక్రం తిరుగుతోంది. కింద రెండు గుర్తులు, ఒకటి టిక్కు, ఒకటి ఇంటూ. చదువు రానివాళ్ళకు కూడా తెలిసే బొమ్మ.

అతను టిక్కు నొక్కాడు. తెర మధ్య గీత చెరిగిపోయి రెండు సగాలూ ఒకటయ్యాయి. కోట దగ్గరికి వచ్చేసరికి ఆడకూలీ మూట దించి, ఎవరూ చెప్పకుండానే తన కడ్డీ దగ్గరికి పోయి నిలబడి, అతను లాగినప్పుడే లాగింది. తలుపు లేచింది.

ఆట ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి ఇంటూ నొక్కాడు. తెర పాత మాదిరే రెండు సగాలుగా తెరుచుకుంది. ఎడమ సగంలో ఆడకూలీ మూట పక్కన నిలబడి ఉంది. కదలలేదు.

ఫోన్లో వెతికి చూశాడు. పక్కన కూర్చుని ఆడేవాళ్ళు దొరకడం లేదని చాలామంది రాసినందువల్ల ఈ వీలు కల్పిస్తున్నామని కంపెనీ ప్రకటనలో ఉంది. ప్రకటన తేదీ చూశాడు. రుక్మిణమ్మ మొదటి ఆపరేషన్ అయిన తరవాతి వారం. నెట్టు ఉన్న ప్రతి మెషిన్లోకీ ఆ మార్పు దానంతటదే దిగుతుంది.

ఆ దంపతుల మెషిన్‌కి ఖాతా తెరిచి ఇచ్చింది వినోద్‌కుమారే కాబట్టి, తెలిసినవాళ్ళ ఖాతాల్లో వాళ్ళదీ అతనికి కనిపిస్తుంది. రుక్మిణి అనే పేరు మీద నొక్కి చూశాడు. నెల రోజులుగా ఆ మెషిన్లో ప్రతి సాయంత్రం మూటల ఆట తెరిచారు. నిన్న సాయంత్రం కూడా తెరిచారు. తెరిచిన ప్రతిసారీ ఆ బొమ్మ వచ్చి అడిగి ఉంటుంది. ఆట ఎక్కడ ఆగిందో చూపే బొమ్మలో ఇద్దరు కూలీలూ ఇంకా తలుపుకి ఇవతలే ఉన్నారు.